బెట్టకు వదిలిన తోట

ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చిన్నప్పటి నుంచీ అంతే. పిల్లిని చూస్తే చిరుతపులి అంటాను. చిరుతపులిని చూస్తే ఏమంటానో తెలియదు, ఎందుకంటే అనేదాకా నేను అక్కడ ఉండను. మా ఇంట్లోవాళ్లు నా మాటను సగానికి కోసి, ఆ సగాన్ని మళ్లీ కోసి, మిగిలిందాన్ని పక్కింట్లో విచారించి నమ్ముతారు. మీరూ అలాగే చదవండి. అయితే సాగదీయడం వేరు, పుట్టించడం వేరు. ఇందులో సాగదీసింది అడుగడుగునా తగులుతుంది. పుట్టించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర నేనే ఒప్పుకుంటాను.

నేను హైస్కూల్లో ఫిజిక్సు చెప్పే సారును. మా ఊరికి రావాలంటే కొత్తచెరువులో బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటోవాడు ఇక నావల్ల కాదని దించేసిన చోటు నుంచి నడవాలి. మా మెట్ట మీదుగా పోయే మేఘాలు బెంగళూరు నాన్‌స్టాప్ బస్సుల్లాంటివి. చెయ్యెత్తినా ఆగవు. కిటికీలోంచి మమ్మల్ని చూసి జాలిపడి వెళ్లిపోతాయి. వేసవి మధ్యాహ్నాల్లో గొర్రెలు నీడ కోసం ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి వరసగా నిలబడతాయి. మరి అన్నిటికంటే ముందున్న గొర్రె తల ఎక్కడ పెట్టుకుంటుందని మీరు అడగవచ్చు. దానికి నీడ ఉండదు. మా ఇంట్లో ఆ ముందు గొర్రె మా అన్న.

నాయన పోయాక నన్ను చదివించి, సారును చేసి, ఫ్యాను కిందికి పంపించి, తాను ఎండలో ఉండిపోయాడు. ఏటేటా వేరుశనగ వేసి, ఏటేటా విత్తనానికి కూడా రాక, చివరికి విసిగి చీనీ మొక్కలు నాటాడు. బయటివాళ్లు బత్తాయి అనేదాన్నే మేము చీనీ అంటాము. మొక్కలు చెట్లయి, కాపుకొచ్చి, ఊళ్లో అన్నను పేరుతో కాక 'చీనీతోటాయన' అని పిలిచేదాకా వచ్చింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా అన్న రొమ్ము ఎంత పొంగేదంటే చొక్కా గుండీలు ఎదుటివాడి కంట్లో పడేవి.

అన్నకు ఒక్కతే కూతురు. నా బడిలోనే తొమ్మిదో తరగతి. బడిలో నన్ను 'సార్' అంటుంది, ఇంట్లో 'చిన్నాయనా' అంటుంది. బడిలో అడగడానికి సిగ్గుపడిన ప్రశ్నలన్నీ ఇంటికి మోసుకొచ్చి అడుగుతుంది. వాళ్లిల్లు మా ఇంటికి ఎదురుగానే కాబట్టి తప్పించుకునే దారి లేదు.

చీనీ చెట్టుకు ఒక వింత గుణం ఉంది. సుఖంగా నీళ్లు తాగుతూ ఉంటే ఆకులు వేస్తుంది గాని పూలు పూయదు. చావు భయం పట్టుకుంటేనే పూస్తుంది. అందుకని రైతు కావాలనే నీళ్లు ఆపేస్తాడు. ఆకులు వాడి, ముడుచుకొని, సగం రాలి, చెట్టు ఇక నా కథ ముగిసిందనుకునే సమయానికి పాదులు తవ్వి, ఎరువు వేసి, ఒక్కసారిగా నీళ్లు వదులుతాడు. బతికి బయటపడ్డ సంబరంలో చెట్టు ఒళ్లంతా పూస్తుంది. దీన్నే బెట్ట పెట్టడం అంటారు. ఆకాశం పెట్టే కరువు చాలదన్నట్టు ఇంకొంత కరువును సొంతంగా తయారుచేసి చెట్టుకు పెట్టాలన్న ఆలోచన మా సీమవాళ్లకే వస్తుంది.

బెట్టలో ఉన్నంతకాలం మోటరు ముట్టకూడదు. తాగడానికి ఒక బిందె పట్టుకున్నా సరే, తోటలో ఎక్కడో ఒక వేరు పసిగడుతుందని, బెట్ట చెడుతుందని మావాళ్ల నమ్మకం. అందరికంటే అన్నకు ఆ నమ్మకం ఎక్కువ. స్టార్టరు పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకొని తిరిగేవాడు. స్నానం చేసేటప్పుడు కూడా విప్పేవాడు కాదు. ఆ చెవి తడిసినా చెట్లకు తెలిసిపోతుందేమోనని నేను ఎగతాళి చేస్తే, నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

ఇక ఎప్పుడు నీళ్లు వదలాలన్నది అసలు విద్య. మధ్యాహ్నం వాడిన ఆకు సాయంత్రానికి తేరుకుంటే ఇంకా సమయం రాలేదని అర్థం. తెల్లవారి కూడా తేరుకోకపోతే ఇక ఆగకూడదు. ఈ రెండింటి మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. ఆ సందును కనిపెట్టడంలో మా అన్నను మించినవాడు చుట్టుపక్కల లేడు. మడకశిర నుంచి ఒకాయన కన్నడం కలిపిన తెలుగులో దారి అడుక్కుంటూ వచ్చి, అన్నకు తన తోట ఆకులు చూపించడానికి కొమ్మలే విరిచి తెచ్చాడు. అన్న ఆ ఆకును పెదవికి ఆనించి, కళ్లు మూసుకొని, వైద్యుడు నాడి చూసినట్టు చూశాడు.

తరగతిలో స్థితిజశక్తి చెప్పేటప్పుడు నేను ఈ బెట్టనే ఉదాహరణగా చెప్పేవాణ్ని. ఉండేలు రబ్బరును లాగి పట్టుకుంటే అందులో శక్తి దాగుతుంది, వదిలితే రాయి ఎగురుతుంది; బెట్టలో ఉన్న చెట్టు లాగి పట్టిన రబ్బరు లాంటిది అనేవాణ్ని. చెప్పాక, 'దీన్ని పరీక్షలో రాస్తే సున్నా వేస్తాను, చెట్టుకు రబ్బరు ఉండదు' అని కూడా అనేవాణ్ని. పిల్లలు నవ్వేవారు. మా పిల్ల, అన్న కూతురు, మాత్రం నవ్వేది కాదు. అది వాళ్ల తోట.

ఆ ఏడాది రెండు రుతుపవనాల వానలూ ముఖం చాటేశాయి. ముందటి రెండు కాపులు కూడా పిడికెడే. చలికాలం మొదట్లో బెట్టకు వదిలేటప్పుడు అన్న ఇంటి గడప మీద కూర్చొని అన్నాడు.

"ఈ కాపు గాన నిలబడకపోతే తోట కొట్టేసి, యాడన్నా వాచ్‌మన్‌గా చేరిపోతా."

వదిన చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. "వాచ్‌మన్ అంటే ఒగ చోట కుదురుగా కూచోవాల. నీకు చేతనైతాదా?"

"చేతగాదు. అందుకే నిలబడాల అంటాండా ఈ కాపు."

మా పిల్ల అప్పుడు నోటుబుక్కుకు అట్ట వేస్తోంది. చెయ్యి ఆగిపోయింది. ఆమె తన తండ్రిని కుర్చీలో చూసిన పాపాన పోలేదు. అన్నం తినేటప్పుడు కూడా ఆయన గొంతుక్కూర్చుంటాడు, తోట పిలిస్తే లేచి పరుగెత్తడానికి వీలుగా.

ఆకులు వాడాయి, ముడుచుకున్నాయి, రాలడం మొదలుపెట్టాయి. సందు దగ్గరికొచ్చింది. అన్న పొద్దున్నే తోటలో తిరిగి, ఆకులు ముట్టి చూసి, ఖాళీ చేతులతో తిరిగొచ్చేవాడు. వదిన గట్టు మీద నిలబడి అడిగేది.

"ఇంగ ఇడువప్పా నీళ్లు."

"రవంత ఉండనీ. ఈసారి ఆకు కనపడగూడదు. పువ్వే కనపడాల."

"నాకు చెట్టు కనపడితే సాలు."

"నీకేం తెలుసు గమ్మునుండు. కడుపు నిండినోడు యెవడన్నా గట్టిగా అరుస్తాడా? చెట్టూ అంతే."

అలా రవంత, ఇంకా రవంత అంటూ సాగింది. మా అన్న రవంత మా జిల్లా అంత. చివరికి ఒక పొద్దున, తెల్లవారినా ఆకు తేరుకోలేదని చూసి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు. వదిన పైపు మూతికి పసుపు కుంకుమ పెట్టింది. టెంకాయ కొట్టారు. పాదులన్నీ తవ్వి, ఎరువు నింపి, నోళ్లు తెరుచుకొని ఉన్నాయి. పగటి కరెంటు వచ్చింది. అన్న స్టార్టరు నొక్కాడు.

మోటరు గుర్రుమంది. పైపు దగ్గింది. పెద్దమనిషి సభలో మాట్లాడే ముందు గొంతు సవరించుకున్నట్టు బాగా దగ్గింది. ఎర్రటి నీళ్లు ఒక పుక్కిలి ఉమ్మింది. తర్వాత గాలి. ఆ గాలి ఎంతసేపు వచ్చిందంటే మేమందరం చొక్కాలు ఆరబెట్టుకోవచ్చు.

సంగతి అర్థం కావడానికి మాకు కొంచెం సమయం పట్టింది. బెట్ట పెట్టినన్నాళ్లు మా మోటరు పడుకుంది. చుట్టుపక్కల బోర్లు పడుకోలేదు. అందరూ మా కంటే లోతుగా వేసుకొని తోడుతూనే ఉన్నారు. నీరు కిందికి, ఇంకా కిందికి దిగిపోయింది. రోజూ ఒక బిందె పట్టుకొని ఉంటే, ఒకనాడు బిందె నిండడం ఆలస్యమైనప్పుడే తెలిసేది. తాళం వేసి పెట్టుకున్నాం కాబట్టి తెలియలేదు. చెట్టు దాహాన్ని ఆకులో చదవగల మనిషికి నేల దాహం చదివే వీలు లేకుండా పోయింది.

మోటరు బయటికి లాగి, ఇంకా పైపులు అతికి, అడుగుదాకా దించాలన్నారు. మోటర్లు ఎత్తే యంత్రం బండి ఆ రోజుల్లో ముఖ్యమంత్రి కంటే బిజీ. ఊరూరా బోర్లు దగ్గుతున్నాయి మరి. అందుకని పాత పద్ధతిలో మోకు వేసి చేత్తోనే లాగాలని నిర్ణయమైంది. దానికి మా ఊళ్లో ఒక మెకానిక్ ఉన్నాడు. అందరూ భాయ్ అంటారు. వాళ్ల నాయన బావులకు ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు, ఈయన బోరు మోటర్లు. ఆయనకు తెలియని మోటరు లేదు, అయితే ఆయన చెప్పింది నిజమైన మోటరు కూడా లేదు.

మూడు ఇనుప కాళ్ల మధ్య కప్పీ కట్టి, దాని మీదుగా మోకు వేసి, ఒక కొసను పైపుకు బిగించి, రెండో కొస పట్టుకొని జనం చేని వైపు నడుస్తారు. జనం అటు నడిస్తే పైపు ఇటు లేస్తుంది. మోకు లాగే చోట మాకు ఒక మర్యాద ఉంది. ఆ దారిన పోయే ఎవరైనా పిలవకుండానే వచ్చి ఒక పట్టు పట్టి పోవాలి. పెళ్లికొడుకైనా సరే. మేము లాగిన ఆదివారం నిజంగానే ఒక పెళ్లికొడుకు, తలకు పసుపు నీళ్లు ఇంకా ఆరకుండానే, బండి ఆపి మోకు పట్టుకున్నాడు. వాళ్ల మేనత్త బండి మీద నుంచే తిడుతూ ఉంది.

పైపులు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. సగంలో ఉండగా ఒకటి అడ్డం పడింది. కదలదు. భాయ్ బోరులోకి తొంగి చూసి, "బిగిసినాది. అందరూ ఒగేసారి పట్టండప్పా" అన్నాడు.

పట్టారు. పెళ్లికొడుకు పట్టాడు, నేను పట్టాను, అటుగా గొర్రెలు తోలుకుపోయే ముసలాయన కర్ర పారేసి పట్టాడు. మెడ నరాలు మోకుల్లాగా, మోకు నరంలాగా బిగుసుకున్నాయి. భూమి కొంచెం పక్కకు జరిగిందేమో గాని పైపు జరగలేదు.

మా పిల్ల గెనెం మీద, అదే చేని గట్టు మీద, పుస్తకం పెట్టుకొని కూర్చుంది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. 'పని, శక్తి' పాఠం తీసింది. బడిలో అడగనిది ఇక్కడ అడిగింది.

"చిన్నాయనా, వీల్లందరూ ఇప్పుడు చేసిన పని సున్నానే గదా?"

లాగేవాళ్లందరూ ఒక్కసారిగా ఆగారు.

"ఏందిమ్మా? ఇంగోసారి చెప్పు" అన్నాడు భాయ్.

"ఈడ రాసినారు. బలం పెట్టినా వస్తువు కదలకపోతే జరిగిన పని సున్నా."

"సున్నానా?" పెళ్లికొడుకు తన అరచేతులు చూసుకున్నాడు. బొబ్బలు లేచాయి.

గొర్రెల ముసలాయన నా వైపు తిరిగాడు. "ఏమప్పా సారూ, గవర్మెంటు జీతం తీసుకోని పిల్లోల్లకు చెప్పేది ఇదేనా?"

నేను మోకు వదిలి, తరగతి గొంతు తెచ్చుకున్నాను. "పని సున్నా అంటే కష్టం సున్నా అని కాదు తాతా. ఒంట్లో శక్తి కర్సు అయితానే ఉండాది. అది వేడి అయి, చెమట అయి పోతాంది. పైపుకు మాత్రం చేరలేదు. పైపు జరిగింటే, మనం పెట్టిన బలాన్ని అది జరిగిన దూరంతో గుణిస్తే పని. దూరం సున్నా అయితే, నువ్వు ఆంజనేయస్వామి బలం పెట్టినా గుణించేది సున్నాతోనే."

"అట్లయితే టీ కూడ సున్నానా?" అన్నాడు భాయ్.

అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు. ఆయన మోకును చేతికి చుట్టుకొని, కొసలోనే నిలబడి ఉన్నాడు. మోకు వదలకుండానే అన్నాడు.

"ఆ పుస్తకం రాసినోడు మనూరోడే అయ్యుంటాడు. లేకుంటే ఇంత కరెక్టుగా యెట్ల తెలుస్తాది?"

చివరికి పైపు ఊడివచ్చింది. మోటరు బయటికి వచ్చింది, పుట్టలోంచి లాగిన ముంగిసలాగా మట్టి కొట్టుకొని. భాయ్ దాన్ని విప్పి, తుడిచి, చెవి ఆనించి విన్నాడు. ఇంకా పైపులు అతికి, అడుగు తగిలేదాకా దించారు. అడుగు కింద ఇంకొంచెం పోతే అవతలి దేశంలో ఎవరో తలుపు తెరుస్తారన్నంత లోతు. స్టార్టరు నొక్కారు. ఈసారి నీళ్లు వచ్చాయి. వదిన చేతులు జోడించింది. మేము కాళ్లు కడుక్కునేంతసేపు వచ్చి, ఆగిపోయాయి. మళ్లీ రాలేదు. ఆ సాయంత్రం దాకా మోటరు ఆపుతూ, నొక్కుతూ కూర్చున్నాం. ప్రతిసారీ పైపు దగ్గు దగ్గరే ఆగింది.

భాయ్ సామాను సర్దుకుంటూ నేల వైపే చూశాడు. "అన్నా, మోటరు బాగుండాది. నీళ్లే బాగలేవు."

ఆ తర్వాత ట్యాంకరు. పక్కూరి బోరు నుంచి ట్రాక్టరు ట్యాంకరు వచ్చేది. అది గెనెం దాటి లోపలికి రాదు. పాదులు తవ్విన మెత్తటి నేలలో చక్రం దిగబడుతుంది. గెనెం దగ్గర డ్రమ్ముల్లో నీళ్లు దించి వెళ్లిపోయేది. అక్కడి నుంచి చెట్టు చెట్టుకూ బిందెతో మోసేది వదిన. అన్న కావడితో మోసేవాడు. మా పిల్ల బడి నుంచి రాగానే చిన్న బిందె ఎత్తుకునేది. తోటంతా తడపడం కలలో మాట. తూర్పు వరసలు వదిలేసి, పడమటి వైపు ఒక తుంటను, అంటే ఒక చిన్న ముక్కను, ఎంచుకున్నారు. వదిలేసిన చెట్ల పక్క నుంచి బిందెతో నడిచేటప్పుడు వదిన తలవంచుకొని నడిచేది, పంక్తిలో కొందరికే వడ్డిస్తున్న మనిషిలాగా.

ఒకరోజు బిందె దించి, తలమీది చుట్టగుడ్డ సర్దుకుంటూ నన్ను అడిగింది. నేనూ బడి నుంచి వచ్చి ఒక బిందె మోసి, ముప్పై బిందెల ఆయాసం పడుతున్నాను.

"ఏమప్పా సారూ, నీ పాఠంలో నాది కూడ సున్నానే అంట గదా. పిల్ల చెప్పె."

పిల్ల చెట్టు వెనక్కి తప్పుకుంది.

"పూర్తిగా సున్నా కాదు వదినా" అన్నాను. "బిందెను నేల మీద నుంచి నెత్తి మీదికి ఎత్తినావు సూడు, అది పని. బరువును పైకి లేపినావు కాబట్టి. నెత్తిన పెట్టుకోని సమంగా నడిచినావు సూడు, ఆడ బిందె మీద నువ్వు పెట్టే బలం పైకి ఉండాది, బిందె పోయేది ముందుకు. బలం ఒగ దిక్కు, కదిలేది ఇంగో దిక్కు. అందుకని..."

"అందుకని సున్నా."

"పుస్తకం ప్రకారం."

"ఈ గెనెం నుంచి ఆ చెట్టు దాకా?"

"ఆ చెట్టు దాకానే కాదు, అనంతపురం దాకా నడిచినా."

వదిన చెట్టు వైపు చూసింది. నీళ్లు పోసిన పాదు అప్పుడే ఇంకిపోయి, ఏమీ తాగనట్టు పెదవులు తుడుచుకొని కూర్చుంది. "నేనేమో ఈ చెట్టు తేరుకోలేదే అనుకుంటాంటి. సున్నా పోస్తే యెట్ల తేరుకుంటాది పాపం" అని మళ్లీ డ్రమ్ము వైపు వెళ్లింది.

శివరాత్రి తర్వాత, ఎండలు ముదురుతుండగా, ఆ పడమటి తుంటలో పూలు పూశాయి.

నేను బడికి మోటారు సైకిలు మీద పోతూ వాసన పట్టాను. చీనీ పూల వాసన తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. తేనెను ఎవరో దూరంగా కాగబెడుతున్నట్టు ఉంటుంది. వెళ్లి చూస్తే ఆకు కనపడటం లేదు. అన్న కోరుకున్నట్టే పువ్వే కనపడుతోంది. తెల్లటి గుత్తులు కొమ్మ మొదలు నుంచి కొస దాకా. తేనెటీగలు ఎక్కడి నుంచి వచ్చాయో, తోట మొత్తం ఒక పెద్ద మోటరులాగా మోగుతోంది. అన్న ఆ చెట్ల మధ్య నిలబడి ఉన్నాడు, కాని ముఖంలో సంతోషం లేదు. పువ్వు నిలబడి పిందె కావాలంటే నీళ్లు కావాలి. వాడిన చెట్టు పిందెలను మోయలేదు. మోయబోయి చస్తుంది. చెట్టన్నా మిగలాలంటే పూలు దులిపేయాలి. అన్న చెయ్యెత్తి ఒక కొమ్మ పట్టుకొని, వదిలేశాడు. మళ్లీ పట్టుకొని, వదిలేశాడు. తర్వాత గెనెం మీదికి పోయి, తోటకు వీపు పెట్టి కూర్చున్నాడు.

దులిపింది వదిన. కొంగు నడుముకు చుట్టుకొని, కొమ్మ కొమ్మా చేత్తో సవరించినట్టుగా దులిపింది. ఒడినిండా పూలు పడితే గెనెం దగ్గర కుమ్మరించి మళ్లీ వెళ్లింది. మేకలు వచ్చి ఆ కుప్పను మూతులతో కదిలించాయి. వారం దాకా వదిన పెట్టిన సంగటి ముద్దకు కూడా ఆ వాసనే.

చెట్లు మిగల్లేదు. ఉగాది దాటేసరికి కొమ్మల కొసలు ఎండుతూ లోపలికి వచ్చాయి. ట్యాంకరు అందరికీ కావలసి వచ్చి, మా వంతు రావడం ఆగింది. మే నెలలో కట్టెల ట్రాక్టరు వచ్చింది. కోత మిషను శబ్దం బడి దాకా వినపడింది. సెలవులు కాబట్టి వినడానికి అక్కడ ఎవరూ లేరు, నేను తప్ప. రికార్డులు రాసుకునే నెపంతో వెళ్లి కూర్చున్నాను. ఉండబట్టక మధ్యలో లేచి తోటకు వెళ్లాను.

మా పిల్ల మొద్దుల పక్కన నిలబడి ఉంది. కోసిన చోట చెక్క పసుపుగా, తడిలేకుండా ఉంది.

"యాడికి పోతాండాయి చిన్నాయనా ఇవి?"

"ఇటుకల బట్టీకి."

"శక్తి నాశనం కాదు, రూపం మారుతాది అని చెప్పినావు గదా."

"అవును. ఇన్నేండ్లు ఎండను తిని చెట్టు దాచుకున్నదే ఈ కట్టెలో ఉండాది. బట్టీలో మంట అయితాది. ఇటుక కాలుతాది."

"మరి నాయనది?"

నేను మొద్దు మీది రంపపుపొట్టు దులిపాను.

"నాయన తవ్వినాడు, మోసినాడు, మోకు లాగినాడు. అమ్మ మోసింది. అది యాడికి పోయింది? అది కూడ యాడన్నా ఉండాలనే గదా నియమం."

పాఠం ప్రకారం జవాబు నాకు తెలుసు. వేడిగా మారి గాలిలో కలిసిపోయింది. ఉంది, ఎక్కడికీ పోలేదు. కాని అంత పలచగా పరుచుకుపోయిన వేడిని మళ్లీ ఏరి, ఒక్క బిందెను ఎత్తేంత శక్తిగా కూడగట్టడం ఎవరివల్లా కాదు. ఈ రెండో సంగతి తొమ్మిదో తరగతి పుస్తకంలో లేదు. నేను మొదటిదే చెప్పాను. ఆమె తలూపింది. పరీక్షలో రాసే జవాబుకు ఊపినట్టే ఊపింది.

అన్న వాచ్‌మన్‌గా చేరాడు. దూరం పోలేదు. మా ఊరికి పైన, ఒకప్పుడు గొర్రెలు మేసిన మైదానంలో సోలారు పలకలు పరిచారు. నిలబడి చూస్తే కొస కనపడదు. సముద్రం దారి తప్పి వచ్చి మాకు నీళ్లు లేకుండా నీలం రంగు మాత్రం ఇచ్చిపోయినట్టు ఉంటుంది. మా చెట్లను ఎండబెట్టిన ఎండే అక్కడ కరెంటు అవుతుంది. దాన్ని పట్టి తీగల్లో ఎక్కించి ఎక్కడెక్కడికో పంపుతారు. ఆ ఎండకు అన్న కాపలా.

మొన్న ఒక మధ్యాహ్నం చూడటానికి వెళ్లాను. గేటు పక్కన రేకుల కొట్టం. ప్లాస్టిక్ కుర్చీ. అన్న నీలం చొక్కా వేసుకొని కుర్చీ అంచున కూర్చున్నాడు, గొంతుక్కూర్చున్నట్టే, మడమలు లేపుకొని. నన్ను చూసి లేచాడు.

"కూచో అన్నా" అన్నాను.

"కూచునే గదా ఉండేది. ఇదే పని." కాస్త నవ్వాడు. "నీ లెక్కలో ఇదీ సున్నానే. అయినా నెల నెలా జీతమిస్తారు. అప్పుడు అంత కదిలినా రాలేదు."

లోపల ఆడవాళ్లు పలకలు కడుగుతున్నారు. దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందట. ట్యాంకరు నిలబడి ఉంది. పైపుతో నీళ్లు కొట్టి, పొడవాటి కర్రలకు కట్టిన బ్రష్షులతో తోముతున్నారు. నీళ్లు పలక మీద నుంచి జారి అంచున కారి, కింద నేలలో పడుతున్నాయి. ప్రతి పలక కిందా ఒక గీతలాగా పచ్చగడ్డి మొలిచింది. మా మండలంలో అంత పచ్చదనం నేను చూసి చాలా కాలమైంది.

అన్న చాలాసేపు ఆ గడ్డినే చూశాడు.

"ఆ నీళ్లు యాడివో అడిగినావా?" అన్నాను.

"అడిగి ఏం జేస్తావులే." గడ్డి వైపే చూపిస్తూ, "ఒగ పలక కింద ఒగ చీనీ మొక్క పెడితే బతుకుతాది" అన్నాడు. "పెట్టనియ్యరు. పెరిగితే నీడ పడుతాదంట పలక మీద."

గేటు దగ్గర బండి హారను వేసింది. అన్న లేచి, గేటు తీసి, మూసి, మళ్లీ వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

ఇక ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. గొర్రెలు, పెళ్లికొడుకు, అవతలి దేశం తలుపు, ఇవన్నీ కాస్తో కూస్తో సాగదీసినవే. పుట్టించింది పూలు. పడమటి తుంటలో పూలు పూయలేదు. ట్యాంకరు నీళ్లకు చెట్లు ఒక్క కొత్త ఆకు కూడా వేయలేదు. వదిన దులిపింది లేదు, మేకలు మూతి పెట్టింది లేదు. అన్న చెప్పిన రవంత సరైన రవంతే, బోరు ఒక్కటి మోసం చేయకుంటే పూసేవే అని ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలనిపించి, కాగితం మీద పూయించాను.

దీన్ని పత్రికకు పంపే ముందు వదినకు చదివి వినిపించాను. మొదటి నుంచీ వింటూ, అక్కడక్కడ నవ్వుతూ, పూలు దులిపే చోటికి వచ్చేసరికి పళ్లెంలో శనక్కాయలు వలిచే చెయ్యి ఆపింది.

"ఇది మాత్రం తప్పు రాసినావప్పా" అంది. "పూసింటే నేను దులుపుతానా? చెట్టు సస్తే సావనీ అనుకోని, పూలు కండ్లారా చూసేదాన్ని."